ముల్లు వెతికే నాలుకంత ధ్యాస: తీరిక లేని రోజులో ధ్యానం ఎలా చేసుకోవాలి

నెల్లూరులో చేపల పులుసు తింటూ పెరిగినవాళ్ళకి ధ్యానం గురించి కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదని నా అనుమానం. ముద్ద నోట్లో పెట్టుకున్నాక నాలుక ఏం చేస్తుందో ఒకసారి చూసుకోండి. మెతుకుల మధ్య, మెత్తటి కండ మధ్య, వెంట్రుక మందాన ముల్లు ఉందేమోనని మెల్లగా తడుముతుంది. ఆ రెండు మూడు క్షణాలు ఈఎంఐ గుర్తుకు రాదు, ఆఫీసులో ఎవరో అన్న మాట గుర్తుకు రాదు. వచ్చిందా, గొంతులో గుచ్చుకుంటుంది. పద్మాసనం లేదు, అగరొత్తులు లేవు. అయినా ధ్యాసంతా ఒక్కచోటే ఉంటుంది.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు అందరూ అంటున్నది దీన్నే. మన భాషలో దీనికి ఎదురుమాట ఎప్పటినుంచో ఉంది: పరధ్యానం. చెయ్యి కూర కలుపుతుంటే మనసు ఇంకెవరినో, ఇంకేదాన్నో ధ్యానిస్తూ ఉంటుంది. గ్లాసు జారి పగిలినప్పుడు అమ్మ అరిచేది కూడా ఇదే కదా, "ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి" అని. నేను చూసిన నిర్వచనాల్లో ఇంతకంటే మంచిది లేదు.

నేను ధ్యానంలో ఆరితేరినదాన్నేం కాదు. ఉండేది నెల్లూరు వేదాయపాళెంలో, ఉద్యోగం కావలిలో. రానూపోనూ వంద కిలోమీటర్ల పైనే. ఐదింటికి లేచి, టిఫిను, మూడు క్యారేజీలు ముగించుకుని పరుగెత్తితే మళ్ళీ ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. రెండేళ్ళ కిందట ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. నాలుగున్నరకి అలారం, 20 నిమిషాలు కూర్చోవడం. 9 రోజులు నడిచింది. పదో రోజు పిల్లాడికి జ్వరం, పదకొండో రోజు నిద్ర చాల్లేదు, పన్నెండో రోజు అలారమే తీసేశాను. లేని టైమును ఎక్కణ్ణుంచో పుట్టించాలనుకోవడం దగ్గర వచ్చింది తంటా. ఉన్న టైములో మాత్రం ఎదురుచూపులు బోలెడు. వాటిని ఎలా వాడుకోవాలో చెప్తాను.

మొదట ఒక రోజు ఊరికే గమనించండి

రేపు ధ్యానం మొదలుపెట్టొద్దు. ఒక కాగితం ముక్క, కరెంటు బిల్లు వెనకైనా సరే, దగ్గర పెట్టుకుని మీరు దేనికోసమైనా ఆగిన ప్రతిసారీ రాసుకోండి. ఒక చిట్కా: చెయ్యి దానంతట అది ఫోన్ మీదికి పోయిందంటే అక్కడో ఎదురుచూపు ఉన్నట్టే. నా కాగితంలో తేలినవి ఇవి. పాలు పొంగేదాకా 5 నిమిషాలు. బస్టాండులో 10. పెన్నా బ్రిడ్జి మీద ఒకటీ రెండు నిమిషాలు. ఆఫీసులో సిస్టమ్ తెరుచుకునేదాకా 3. సాయంత్రం బస్సు నిండేదాకా 10 పైనే. రాత్రి కుక్కరు కూతలు. కలిపితే అరగంట దాటింది. నాలుగున్నర అలారం నా నిద్రలోంచి కోసిన దానికంటే ఎక్కువ!

మీ ఎదురుచూపులు వేరేగా ఉంటాయి. ఒంగోలు వేలం కేంద్రంలో తన పొగాకు బేళ్ళ వరస ఎప్పుడొస్తుందా అని కూర్చునే రైతుకి గంటలే ఉంటాయి. మా నెల్లూరు ఆస్పత్రుల పేట పొగతోటలో డాక్టరు దగ్గర టోకెన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళ సంగతి సరేసరి.

ఆ జాబితాలోంచి ఒక్కటే తీసుకోండి. రోజూ తప్పకుండా వచ్చేది, ఒకే చోట జరిగేది, కనీసం రెండు నిమిషాలు ఉండేది, ఆ కాసేపట్లో ఎవరూ మిమ్మల్ని పిలవనిది. రెండు వారాలు ఆ ఒక్కచోటే చేయండి. ఉత్సాహం కొద్దీ నాలుగుచోట్ల మొదలుపెడితే నాలుగూ పోతాయి.

ఊపిరిని గమనించడం

చేసే పని ఎక్కడైనా ఒకటే కాబట్టి ముందు దీన్ని సరిగ్గా నేర్చుకోండి. మొదటిసారి ఇంట్లో, మూడు నిమిషాలు చాలు.

కుర్చీ, మంచం అంచు, వంటింటి స్టూలు, ఏదైనా పర్వాలేదు. రెండు పాదాలూ నేలకు ఆనాలి. వెన్ను నిటారుగా, అలాగని పరేడ్‌లో నిలబడ్డట్టు బిగపట్టకుండా. కళ్ళు మూసుకోవచ్చు, లేదంటే చూపు కిందికి వాల్చుకోవచ్చు. ముందు ఒళ్ళు ఎక్కడెక్కడ ఆనిందో చూసుకోండి: మడమలు, తొడలు, ఒడిలో చేతులు. తర్వాత ఊపిరి. ముక్కుపుటాల దగ్గర చల్లగా లోపలికి పోతుంది, కాస్త వెచ్చగా బయటికి వస్తుంది. అక్కడ తెలియకపోతే పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి, లేస్తూ పడుతూ ఉంటుంది. ముక్కో, పొట్టో, ఒకటి ఎంచుకుని అక్కడే ఉండండి. ఊపిరిని సరిచేయడానికి పోవద్దు. పొట్టిగా ఉంటే పొట్టిగానే పోనీయండి. ఇది ప్రాణాయామం కాదు. వస్తున్నదాన్ని చూడటమే పని.

నాలుగో ఊపిరికో ఐదో ఊపిరికో మీరు అక్కడ ఉండరు. దోసెల పిండికి నానబోశానా, గ్యాస్ బుక్ చేశానా, పోయిన పెళ్ళిలో ఆడపడుచు ఆ మాట ఎందుకంది, ఇలా ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటారు. కాసేపటికి "అరే, ఎక్కడికో పోయానే" అని తెలుస్తుంది. చాలామంది సరిగ్గా అక్కడే "నాకు ధ్యానం కుదరదు" అని లేచిపోతారు. నేనూ అలాగే లేచిపోయాను. అసలు సాధన జరిగేది ఆ తెలిసిన క్షణంలోనే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మేస్తూ మేస్తూ పక్క చేలోకి పోయిన దూడను పలుపు పట్టుకుని తోలుకొస్తాం చూడండి, అలా ఊపిరి దగ్గరికి తెచ్చుకోవాలి. దూడను కొట్టక్కర్లేదు. మూడు నిమిషాల్లో పదిసార్లు పోయి పదిసార్లు తోలుకొచ్చారంటే ఆ రోజు బాగా చేసినట్టే లెక్క.

పట్టు దొరక్కపోతే లెక్కపెట్టండి. ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి, రెండు, అలా పది దాకా. పది అయ్యాక మళ్ళీ ఒకటి. మధ్యలో తప్పితే ఒకటి నుంచి. పదికి చేరడం గొప్పేం కాదు. పది దగ్గర ఆగాలన్న సంగతే మరిచి, "పద్నాలుగు" అనుకుంటూ ఉలిక్కిపడ్డ రోజులు నాకు ఇప్పటికీ ఉన్నాయి. నోరు లెక్కపెడుతూనే ఉంది, మనిషే లేదు!

బాగా టెన్షన్‌గా ఉన్నప్పుడు మాత్రం చిన్న మినహాయింపు. మొదటి నాలుగైదు ఊపిర్లు, పీల్చేదానికన్నా వదిలేది కాస్త పొడుగ్గా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది, అందుకే అది పనిచేస్తుంది. ఆ తర్వాత ఊపిరిని దాని మానాన వదిలేయండి.

ఇదంతా అమెరికా సరుకు అని మా ఆఫీసులో ఒకాయన వెక్కిరిస్తుంటాడు. ప్రకాశం జిల్లాలోనే గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో బౌద్ధ స్తూపం ఉందని ఆయనకి గుర్తుచేస్తుంటాను. బౌద్ధులు పాళీలో దీన్ని సతి అన్నారు, సంస్కృతంలో స్మృతి. ఊపిరి మీద నిలిపే ఎరుక ఆనాపానసతి. 1979లో జాన్ కబాట్-జిన్ అనే అమెరికన్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, తగ్గని నొప్పులతో బాధపడే రోగుల కోసం దీన్ని మతంతో పనిలేని కోర్సుగా తయారుచేశాడు. అది 8 వారాల కోర్సు, ఇంటి దగ్గర సాధన రోజుకి 45 నిమిషాల దాకా ఉంటుంది. ఆ కోర్సు ఇచ్చే ఫలితాన్ని మన మూడు నిమిషాల నుంచి అడిగితే అత్యాశ. బొత్తిగా లేనిదానికంటే నయం కదా అన్నదే నా లెక్క.

పాలగిన్నె దగ్గర

నేను మొదలుపెట్టింది ఇక్కడ. ఎందుకంటే నా పరధ్యానానికి సాక్ష్యం రోజూ పొయ్యి మీదే పొంగి కనపడేది.

ఫోన్ వేరే గదిలో పెట్టి రండి. గిన్నెలో అర లీటరు పాలు, మంట మధ్యరకం. పాదాల కింద గచ్చు చల్లదనం ఒకసారి చూసుకుని నిలబడండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు. చేతులు గిన్నెలు సర్దడానికి లాగుతాయి, సర్దొద్దు. గిన్నె అంచు చుట్టూ ముందు సన్నటి బుడగలు పూసల్లా వరస కడతాయి. నడుమ మీగడ పొర పలచగా పరుచుకుని ముడతలు పడుతుంది. పచ్చిపాల వాసన పోయి కమ్మటి వాసన మొదలవుతుంది. పొర కింద నుంచి ఎవరో ఊదినట్టు ఒకచోట ఉబ్బుతుంది. ఇక మీ చేతిలో ఉన్నది మూడు సెకన్లు.

మధ్యలో మనసు క్యారేజీల మీదికి పోతుంది. పోయిందని తెలియగానే మళ్ళీ బుడగల దగ్గరికి రండి. ఊపిరి స్థానంలో పాలు, అంతే తేడా. వారం తర్వాత నాకు ఒక సంగతి తెలిసింది. పొద్దున్నే నేను పిల్లల మీద అరిచేది ఆలస్యమైనందుకు కాదు, ఆలస్యమవుతుందేమోనని పాలగిన్నె దగ్గరే మొదలైన కంగారుతో. కంగారును పుట్టేచోట చూస్తే అరుపు కొంచెం చిన్నదవుతుంది. పూర్తిగా పోతుందని చెప్పను.

బస్సులో, బండి మీద

కావలి బస్సు ఊరు దాటి పెన్నా బ్రిడ్జి ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది. ఆ మారిన చప్పుడే నాకు గుడిగంట. అవతల కోవూరు ఒడ్డు వచ్చేదాకా నా టైము.

ముందు చప్పుడు వినండి, బ్రిడ్జి అతుకుల మీద చక్రాలు కొట్టుకునే తాళం. తర్వాత కిటికీలోంచి ముఖానికి తగిలే గాలి. ఇళ్ళ మధ్య ఉన్న గాలికీ ఏటి మీద గాలికీ తేడా ఉంటుంది. తర్వాత చూపు. వేసవిలో ఇసుక, దాని మధ్య సన్నటి నీటి పాయ. వానాకాలంలో సోమశిల డ్యాం నుంచి నీళ్ళు వదిలితే ఒడ్డు నుంచి ఒడ్డుకి ఎర్రటి నీళ్ళు. "బాగుంది", "ఇసుకంతా తోలేస్తున్నారు" అని లోపల వ్యాఖ్యానం మొదలవుతుంది. మొదలైందని చూసి, మళ్ళీ గాలి దగ్గరికి రండి.

అనుభవం మీద చెప్తున్నా, ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుని ముందు టికెట్ పని ముగించుకోండి. మొదటి రోజు నేను కళ్ళు మూసుకుంటే కండక్టరు భుజం దగ్గర నిలబడి, "ఏందక్కా, ఎక్కంగానే నిద్రా? టికెట్ ఎవరు తీసుకుంటారు?" అన్నాడు. బస్సంతా నవ్వారు. అప్పటినుంచి నేను బస్సులో కళ్ళు తెరిచే చేస్తున్నాను.

బండి నడిపేవాళ్ళు నడుపుతూ ఊపిరి లెక్కపెట్టొద్దు. బండి మీద ఒళ్ళు దగ్గర పెట్టుకోవడమంటే రోడ్డు చూడటమే. బండి స్టాండ్ వేసి, తాళం తీశాక, హెల్మెట్ తీయకముందు మూడు ఊపిర్లు. హెల్మెట్ లోపల మీ ఊపిరి మీకే వినపడుతుంది, కాబట్టి ఇంతకంటే తేలికైన చోటు లేదు.

ఆఫీసులో

ఇక్కడ పెద్దగా ఆశపెట్టుకోకండి. ఫోన్ మోగగానే ఎత్తకుండా రెండు రింగులు పోనిచ్చి, ఆ లోపు పాదాలు నేలమీద ఉన్నాయా లేదా చూసుకోండి. తిట్టడానికి వచ్చిన మనిషి ముందు కూర్చున్నప్పుడు కూడా ఇదే పనికొస్తుంది, ఎదుటివాళ్ళకి తెలియదు. నెలాఖరులో ఇది కూడా కుదరదు, వదిలేయండి.

చెరువు గట్టు మీద మా తమ్ముడు

విడవలూరు దగ్గర మా తమ్ముడికి వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఇదంతా చెప్తే నవ్వాడు. "నాకెందుకక్కా ధ్యానం? రాత్రి మూడింటికి కరెంటు పోతే ఆక్సిజన్ పడిపోద్ది, రొయ్యలన్నీ పైకి తేల్తాయి. నేను కళ్ళు మూసుకుంటే పెట్టుబడంతా నీళ్ళపాలు." తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గే మాట నిజమే. అందుకే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూ ఉండాలి.

"మరి కరెంటు పోయినట్టు నీకెట్టా తెలుస్తుంది?" అన్నాను.

"తెలవకపోవడమేంది, ఆరింట్లో ఒకటి ఆగినా చప్పుడు తేడా కొట్టుద్ది. నిద్రలో కూడా లేస్తా."

వాడికి చెవుల్లో ఉన్నది నా నాలుకకి ముల్లు దగ్గర ఉండే ధ్యాస లాంటిదే. కాబట్టి వాణ్ణి కూర్చోమని చెప్పలేదు. మేత వేసిన తర్వాత ఎంత తిన్నాయో చూడటానికి చెక్ ట్రే ఎత్తుతారు కదా, అది ఎత్తేముందు తాడు పట్టుకుని మూడు ఊపిర్లు నిలబడమన్నాను. ఎత్తాక వెంటనే లెక్కల్లోకి పోకుండా ఊరికే చూడమన్నాను: మిగిలిన మేత, రొయ్య పేగు రంగు, మీసాలు. రోజుకి నాలుగుసార్లు ఎలాగూ ఎత్తుతాడు, అదనంగా పట్టేది అరనిమిషం.

రెండు నెలల తర్వాత అడిగాను. టెన్షన్ పోయిందా అంటే పోలేదు, రేటు పడితే పడినట్టే. కాకపోతే తెల్లవారుజామున మంచం మీద దొర్లుతూ లెక్కలు వేసుకోవడం కొంచెం తగ్గిందన్నాడు. మీసాలు తెగిన రొయ్యలు ముందుకంటే త్వరగా కంటపడుతున్నాయట. వాడు దాన్ని ధ్యానం అనడు. "ఊపిరి తీసుకుని ఎత్తడం" అంటాడు. మీ ఇంట్లో వాళ్ళకి కూడా పేరు చెప్పకుండానే నేర్పండి, త్వరగా ఒప్పుకుంటారు.

రాత్రి మొదటి మూడు ముద్దలు

అమెరికా కోర్సులో మొదటి రోజు ఒక ఎండుద్రాక్ష చేతికిచ్చి, దాన్ని చూస్తూ, వాసన చూస్తూ, నెమ్మదిగా నమలమంటారు. మనకి అంత దూరం అక్కర్లేదు. టీవీ ఆపి, మొదటి మూడు ముద్దలు మాట్లాడకుండా తినండి. నిన్నటి పులుసైతే ఇంకా మంచిది, మామిడికాయ పులుపు ముక్కకి బాగా పట్టి ఉంటుంది. వేళ్ళకి తగిలే అన్నం వేడి, ముందు పులుపు, వెనక నుంచి వచ్చే కారం, నాలుక తడుముకునే పద్ధతి. కొరమీనుకి ముళ్ళు తక్కువ. ఈ సాధనకి బొచ్చె, శీలావతి మేలు! చేపలు తిననివాళ్ళకి మునక్కాడ ఉంది. దాన్ని పరధ్యానంగా నమిలినా పీచు గుర్తుచేస్తుంది. నాలుగో ముద్ద నుంచి మీ ఇష్టం, కబుర్లు చెప్పుకోండి.

పడుకున్నాక కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి, పాదాలు, పిక్కలు, మోకాళ్ళు అంటూ ఒక్కో భాగం దగ్గర రెండు ఊపిర్లు ఆగుతూ తలదాకా రావచ్చు. నేను మోకాళ్ళు దాటింది తక్కువ, నిద్ర వచ్చేస్తుంది. పడుకునేటప్పుడు అది తప్పేం కాదు.

అడ్డొచ్చేవి

మైకు పెట్టుకుని వీధిలో టమాటాలు అమ్మే ఆటో వస్తుంది. వింటే సరిపోతుంది, అది కూడా చప్పుడే, ఊపిరి పక్కన దాన్నీ ఉండనివ్వండి. రోహిణి కార్తెలో చెమట వీపు మీద కారుతుంటే ఆ కారడాన్నే గమనించండి. దోమ కుట్టినా కదలకుండా చూస్తూ ఉండమని రాసినవాళ్ళెవరూ నెల్లూరులో ఒక రాత్రి ఉండి ఉండరు. కొట్టి మళ్ళీ మొదలుపెట్టండి.

ఇంట్లో పూజ, నమాజు, ప్రార్థన ఉంటే వాటి చోట దీన్ని పెట్టక్కర్లేదు. మా అత్తయ్య పొద్దున్నే విష్ణు సహస్రనామం చదువుతారు. నేను ఈ గోల చెప్తే, "చదువుతూ చదువుతూ కూర సంగతి ఆలోచిస్తుంటానమ్మాయ్, అది మానేస్తే చాలు కదా" అన్నారు. చాలు.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కొందరికి నిశ్శబ్దంగా కూర్చుంటే నెమ్మది రాకపోగా గుండెదడ, భయం, ఎప్పటివో దుఃఖాలు పైకి తన్నుకొస్తాయి. అలా అయితే పట్టుదలకి పోకుండా కళ్ళు తెరవండి, లేచి నడవండి, చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే అనుకోండి. రోజూ అలాగే ఉంటే ఇది ఆపేసి డాక్టరుతో మాట్లాడండి. 14416కి చేస్తే టెలి మానస్ వాళ్ళు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా. మానసిక సమస్యకి మందులు వాడుతున్నవాళ్ళు ధ్యానం మొదలుపెట్టాం కదా అని సొంతంగా మాత్రలు ఆపొద్దు.

తప్పిన రోజులు

వంటింటి గోడమీద క్యాలెండరు ఉంటుంది కదా, చేసిన రోజు తేదీ పక్కన చిన్న టిక్కు పెట్టండి. చేయని రోజు ఖాళీగా వదిలేయండి, ఇంటూ పెట్టొద్దు. తప్పినదానికి మర్నాడు రెండింతలు కూర్చోవడం లాంటి శిక్షలు వద్దు. రెండు వారాల్లో 8 టిక్కులు దాటితే రెండోచోటు కలుపుకోండి. దాటకపోతే మీరు ఎంచుకున్న ఎదురుచూపు సరైనది కాదేమో, కాగితం మళ్ళీ తీసి ఇంకోటి చూడండి.

పోయిన నెల నా క్యాలెండరులో 19 టిక్కులున్నాయి. పాలు రెండుసార్లు పొంగాయి, రెండూ టిక్కు లేని రోజులే అని చెప్పాలనుంది గానీ, ఒకటి టిక్కు పెట్టిన రోజే.